పిల్లల పెల్విస్ ఎక్స్‌రేకి లెడ్ షీల్డ్ పెట్టాలా, మానేయాలా?

బకీ_శ్రీను (ఎక్స్‌రే టెక్నీషియన్, నల్గొండ జిల్లా)
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇవాళ మా డిపార్ట్‌మెంట్‌లో ఒక చర్చ నడిచింది. ఇక్కడ సీనియర్లు, ఫిజిక్స్ వాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

నాలుగేళ్ళ పాప కుంటుతోందని ఆర్థో సారు పెల్విస్ ఏపీ (ముందు నుంచి తీసే కటి ఎక్స్‌రే) రాసి పంపారు. నేను డిప్లొమా చేసినప్పటి నుంచి పిల్లల పెల్విస్ అంటే గోనాడ్ షీల్డ్ (అండాశయాలు, వృషణాల మీద కప్పే లెడ్ ముక్క) పెట్టాల్సిందే. పరీక్షల్లోనూ అదే రాశాం, వైవాలోనూ అదే చెప్పాం. ఈమధ్య వచ్చిన రేడియాలజిస్టు మేడమ్ మాత్రం "ఇక నుంచి పెట్టకండి, బయటి దేశాల్లో ఎప్పుడో మానేశారు" అన్నారు. సరేనని పెట్టకుండానే తీశాను. పాప వాళ్ళమ్మ గోడకున్న ఏప్రన్ చూసి, "అది మీకేనా సార్, మా పిల్లకొద్దా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? మనం లెడ్ గ్లాసు వెనక నిలబడతాం, జేబుకి టీఎల్‌డీ బ్యాడ్జి (మనకి తగిలిన రేడియేషన్ కొలిచేది) పెట్టుకుంటాం. పిల్లను మాత్రం ఏమీ కప్పకుండా బల్ల మీద పడుకోబెడతాం.

నిజంగానే రీసెర్చ్ మారిందా, లేక ఇది మేడమ్ ఒక్కరి అభిప్రాయమా? మారి ఉంటే ఆ తల్లికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఫిజిక్స్_గది (మెడికల్ ఫిజిసిస్టు, హైదరాబాద్)
సోమవారం, రాత్రి 10:05

శ్రీను గారూ, మీ మేడమ్ చెప్పింది నిజమే. అమెరికాలో మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఏఏపీఎమ్ 2019 ఏప్రిల్‌లో పేషెంటుకి గోనాడ్ షీల్డ్, గర్భిణికి పొట్ట మీద షీల్డ్ రొటీన్‌గా వాడడం ఆపేయమని ప్రకటించింది. 2020లో బ్రిటన్‌లో రేడియాలజిస్టులు, రేడియోగ్రాఫర్లు, ఫిజిసిస్టుల సంస్థలు కలిసి ఒక గైడెన్స్ ఇచ్చాయి. 2021 జనవరిలో అమెరికా రేడియేషన్ రక్షణ మండలి ఎన్‌సీఆర్‌పీ తన 13వ స్టేట్‌మెంట్‌లో పొట్ట, పెల్విస్ ఎక్స్‌రేలకు గోనాడ్ షీల్డ్ ఆపమంది. ఆ తర్వాత యూరప్ సంస్థలు కూడా ఒక ఉమ్మడి మాటకి వచ్చాయి.

ఎందుకు మారారో తెలియాలంటే అసలు ఎందుకు మొదలుపెట్టారో చూడాలి. 1950ల్లో అందరి భయమూ వంశపారంపర్య హాని గురించే. రేడియేషన్ వల్ల బీజకణాలు దెబ్బతిని, లోపాలు పుట్టబోయే తరాలకి వస్తాయనుకున్నారు. 1976లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా గోనాడ్ షీల్డ్ పెట్టమని సిఫారసు చేసింది. మన పుస్తకాల్లోకి వచ్చింది ఆ కాలపు మాట. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడినవాళ్ళ పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించారు. వాళ్ళలో వంశపారంపర్య జబ్బులు పెరిగినట్టు తేలలేదు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ ఐసీఆర్‌పీ లెక్కల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గోనాడ్స్‌కి ఇచ్చే టిష్యూ వెయిటింగ్ ఫ్యాక్టర్ (మొత్తం రేడియేషన్ హానిలో ఆ అవయవాల వాటా) 1977లో 0.25, 1990లో 0.20, 2007కి 0.08. అంటే ఈ అవయవాల గురించి పడ్డ భయం ముప్పై ఏళ్ళలో మూడో వంతుకి దిగింది.

రెండోది మెషీన్. ఒకే పెల్విస్ ఎక్స్‌రేకి అక్కడి అవయవాలకు తగిలే డోసు 1950లతో పోలిస్తే 95 శాతం దాకా తగ్గిందని ఎన్‌సీఆర్‌పీ అంటోంది. ఫిల్టర్లు, జనరేటర్లు, ఫిల్ము స్క్రీన్లు, ఆ తర్వాత డిజిటల్ ప్యానెళ్ళు, అన్నీ కలిసి తగ్గించినది అది.

డార్క్‌రూమ్_పెద్దాయన (రిటైర్డ్ రేడియోగ్రాఫర్, గుంటూరు)
మంగళవారం, ఉదయం 6:40

ఫిజిక్స్ బాబూ, నువ్వు చెప్పిన లెక్కలు కాదనను. కానీ ఒకటి అడుగుతా. పెడితే పోయేదేముంది? అర కిలో లెడ్ ముక్క. ప్రమాదం కొంచెమే అంటున్నావు, సున్నా అనడం లేదు కదా. తగ్గించగలిగింది తగ్గించాలనే కదా అలారా సూత్రం మనకు నేర్పింది. నా సర్వీసంతా పిల్లలకి షీల్డ్ లేకుండా బటన్ నొక్కలేదు. అది పెడుతుంటే తల్లిదండ్రుల మొహంలో "మా పిల్లని జాగ్రత్తగా చూస్తున్నారు" అన్న నమ్మకం కనపడేది. ఆ నమ్మకాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

ఇంకో సంగతి. 95 శాతం తగ్గిందన్నది మంచి మెషీన్ల మాట. మన చిన్న ఊళ్ళలో సెకండ్‌హ్యాండ్‌లో కొని, ట్యూబు మార్చి మార్చి నడిపేవి ఎన్ని లేవు?

మిడ్‌ల్యాండ్స్_తెలుగమ్మాయి (రేడియోగ్రాఫర్, ఇంగ్లండ్, సొంతూరు తణుకు)
మంగళవారం, మధ్యాహ్నం 1:20

పెద్దాయన గారూ, నమస్తే అండి. "పెడితే పోయేదేముంది" అన్న ప్రశ్న ఇక్కడ మేమూ చాలామందిమి అడిగాం. జవాబు ఏమిటంటే, పోయేది ఉందండి.

ఆడపిల్లల్లో అండాశయాలు ఎక్కడుంటాయో బయట నుంచి ఎవరూ గుర్తుపట్టలేరు. చిన్నపిల్లల్లో పెల్విస్ పైఅంచు దగ్గర ఉండొచ్చు, బ్లాడర్ నిండితే పక్కకి జరగొచ్చు. మనం మాత్రం ప్రతి పిల్లకీ మధ్యలో ఒకే చోట ముక్క పెడతాం. 2012లో నెదర్లాండ్స్ వాళ్ళు పిల్లల పెల్విస్ ఫిల్ములు బయటికి తీసి చూస్తే ఆడపిల్లల్లో 91 శాతం, మగపిల్లల్లో 66 శాతం షీల్డులు సరైన చోట లేవు. అంటే కాపాడాల్సింది కాపాడలేదు, పైగా చూడాల్సింది కప్పేసింది.

నాకు బాగా గుర్తున్న ఫిల్ము ఒకటుంది. పెర్థీస్ (తుంటి ఎముక జబ్బు) అనుమానంతో వచ్చిన బాబు. షీల్డ్ కొంచెం పైకి జారి, తెల్లటి ముక్క సరిగ్గా ఎసిటాబులమ్ (తుంటి గిన్నె) లోపలి గీత మీద పడింది. డాక్టరు కొలవాల్సింది ఆ గీతనే. బాబుని మళ్ళీ పడుకోబెట్టారు, మళ్ళీ ఎక్స్‌పోజర్. ఆ షీల్డ్ మిగిల్చేది ఎంత? రెండో ఫిల్ము వేసింది ఎంత?

ఇక ఏఈసీ (ఎక్స్‌పోజర్‌ని మెషీనే చూసుకుని ఆపే ఏర్పాటు) సంగతి ఇంకా ఘోరం. షీల్డ్ దాని సెన్సర్ ఛాంబరు మీదకొస్తే తగినంత రేడియేషన్ రాలేదనుకుని మెషీన్ ఎక్స్‌పోజర్ పొడిగిస్తుంది. లెడ్ ముక్క వేసినందుకు చుట్టుపక్కల ఒళ్ళంతటికీ డోసు పెరుగుతుంది. ఫాంటమ్‌ల (మనిషి ఒంటి నమూనాల) మీద కొలిచి చూసినవాళ్ళు ఇదే రాశారు.

ఎంఐటీ_ఫైనలియర్ (విద్యార్థి, విశాఖపట్నం)
మంగళవారం, సాయంత్రం 5:02

మేడమ్, ఒక డౌట్. స్కాటర్ (ఒంటికి తగిలి చెదిరే కిరణాలు) నుంచైనా షీల్డ్ కాపాడుతుంది కదా? ఉదాహరణకి ఛెస్ట్ ఎక్స్‌రే తీసేటప్పుడు గర్భిణి పొట్టకి ఏప్రన్ కడతారు. అదీ వద్దంటున్నారా?

ఫిజిక్స్_గది
మంగళవారం, రాత్రి 8:47

తమ్ముడూ, మంచి ప్రశ్న. ఛెస్ట్ తీసేటప్పుడు పొట్ట ప్రైమరీ బీమ్‌లో (నేరుగా పడే కిరణాల్లో) ఉండదు. మరి బిడ్డకి తగిలే కాస్తంత ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు తల్లి ఒంట్లోనే, ఊపిరితిత్తుల దగ్గర చెదిరి, లోపలి నుంచే కిందకి వస్తుంది. కిటికీలు మూసుకున్నా ఇంట్లో పొయ్యి పొగ ఇంట్లోనే తిరిగినట్టు, బయట కట్టిన ఏప్రన్ లోపలి స్కాటర్‌ని ఆపలేదు.

పైగా ఆ డోసు ఎంతో చూడు. ఛెస్ట్ ఎక్స్‌రేలో బిడ్డకి చేరేది 0.01 మిల్లీగ్రే కంటే తక్కువ. తల సీటీ అయినా అంతే. బిడ్డకి 100 మిల్లీగ్రే లోపు డోసు తగిలిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించడం సమర్థనీయం కాదని ఐసీఆర్‌పీ 84వ పుస్తకంలో రాసింది. ఈ రెండు అంకెల మధ్య పదివేల రెట్లకు పైగా దూరం ఉంది. ఈ సంగతి తెలియక ఎక్స్‌రే తీయించుకున్న మర్నాడు ప్రెగ్నెన్సీ అని తెలిసి, భయంతో అబార్షన్‌కి సిద్ధపడే కుటుంబాలున్నాయి. నాకు ఫోన్లు వస్తుంటాయి కాబట్టి చెబుతున్నా. లెడ్ కట్టడం కంటే ఈ ఒక్క మాట ఆ ఇంటికి ఎక్కువ మేలు చేస్తుంది.

అలాగని అడగడం మానొద్దు. పొట్ట, పెల్విస్ తీసే ముందు ఆఖరి పీరియడ్ ఎప్పుడని అడగాల్సిందే. పొట్ట సీటీ అయితే బిడ్డకి తగిలేది మిల్లీగ్రేల్లో ఉంటుంది. అప్పుడు అల్ట్రాసౌండో ఎమ్మారైయో సరిపోతుందా అని డాక్టరు ఆలోచిస్తారు.

పెద్దాయన గారి రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మన దగ్గర అన్ని మెషీన్లూ ఒకలా లేవు. కాని పాత మెషీన్‌కి మందు షీల్డ్ కాదు సార్, క్యూఏ (మెషీన్ నాణ్యత పరీక్షలు). ఫిల్ట్రేషన్ సరిపడా ఉందా, పెట్టిన కేవీ (ట్యూబు వోల్టేజి) నిజంగా వస్తోందా, లైట్ పడినచోటే ఎక్స్‌రే పడుతోందా అన్నవి చూడాలి. చివరిది మీరే చూసుకోవచ్చు. క్యాసెట్ మీద లైట్ ఫీల్డ్ పెట్టి నాలుగంచుల్లోనూ గీతకి ఆనించి ఒక నాణెం లోపల, ఒకటి బయట పెట్టి చిన్న ఎక్స్‌పోజర్ ఇవ్వండి. బయటి నాణేలు ఫిల్ములో కనపడుతున్నాయా, లోపలివి మాయమయ్యాయా అన్నది చూస్తే బీమ్ ఎటు జారిందో తెలిసిపోతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి (కరీంనగర్)
మంగళవారం, రాత్రి 11:30

నేను మీ ఫీల్డ్ కాదు. మా చిన్నోడికి హిప్ సమస్య ఉండి తరచూ ఎక్స్‌రేలు తీయిస్తుంటాం కాబట్టి గూగుల్‌లో వెతుకుతూ ఇక్కడికొచ్చాను. మీరందరూ డోసు చాలా తక్కువ అంటున్నారు. మరి సీటీ స్కాన్ల వల్ల అమెరికాలో లక్ష మందికి క్యాన్సర్ వస్తుందని 2025లో పేపర్లో చదివాను. ఏది నమ్మాలి? ఒకరేమో భయం లేదంటారు, ఒకరేమో క్యాన్సర్ అంటారు. మాకు టెన్షన్ కాదా?

రిపోర్టింగ్_రూమ్ (రేడియాలజిస్టు, విజయవాడ)
బుధవారం, ఉదయం 7:15

అమ్మా, మీరు చదివింది నిజమైన స్టడీయే. 2025 ఏప్రిల్‌లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. 2023లో అమెరికాలో 6.2 కోట్ల మందికి 9.3 కోట్ల సీటీలు తీశారు. ఆ ఒక్క ఏడాది స్కాన్ల వల్ల మున్ముందు సుమారు 1,03,000 క్యాన్సర్లు రావొచ్చని, ఇదే వాడకం కొనసాగితే ఏటా కొత్తగా బయటపడే క్యాన్సర్లలో 5 శాతం దాకా సీటీల వల్లే కావొచ్చని అంచనా కట్టారు. ఇది మోడల్ వేసి కట్టిన లెక్క, మనుషుల్ని తలలు లెక్కపెట్టి చెప్పింది కాదు. దాన్ని ప్రశ్నించిన రేడియాలజిస్టులూ ఉన్నారు. కానీ నేను ఈ స్టడీని పక్కన పడేయను. ఎందుకంటే నిజమైన పిల్లల రికార్డులు చూసిన స్టడీ కూడా ఉంది. యూరప్‌లో తొమ్మిది దేశాల్లో, సీటీ తీయించుకున్న దాదాపు పది లక్షల మంది పిల్లల్ని, యువతని ఏళ్ళ తరబడి అనుసరించారు. ఫలితం 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. ఇవాళ పదివేల మంది పిల్లలకి ఒక్కో సీటీ తీస్తే, తర్వాతి 12 ఏళ్ళలో ఒకరికో ఇద్దరికో దానివల్ల రక్త సంబంధమైన క్యాన్సర్ రావొచ్చు.

మరి రెండు మాటలూ ఎలా నిజం? ఎక్స్‌రే, సీటీ ఒకటి కావు. పెద్దవాళ్ళ ఛెస్ట్ ఎక్స్‌రేకి సగటున 0.02 మిల్లీసీవర్ట్. పెల్విస్ ఎక్స్‌రేకి 0.6. పొట్ట సీటీకి 8. మన చుట్టూ నేలా గాలీ ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏటా తగిలేది ప్రపంచ సగటున 2.4. మీ బాబు లాంటి పిల్లలకి సరిగ్గా సెట్ చేసి తీస్తే పెల్విస్ ఎక్స్‌రే డోసు పెద్దవాళ్ళకంటే చాలా తక్కువ ఉంటుంది. హిప్ సమస్య ఎటు పోతోందో చూసుకోకపోవడం వల్ల జరిగే నష్టం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఇప్పుడు నా బాధ చెప్పనివ్వండి. షీల్డ్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, డోసు అసలు కుప్ప పడి ఉన్నది సీటీ గదిలో. 2021లో కరోనా రెండో వేవ్ గుర్తుందా? "సీటీ స్కోర్ ఎంత?" అన్నది పలకరింపు అయిపోయింది. తేలికపాటి లక్షణాలున్నవాళ్ళు కూడా క్యూ కట్టారు. ఆ మే నెలలో ఎయిమ్స్ డైరెక్టర్ ఒక సీటీ 300, 400 ఛెస్ట్ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. ఆ అంకె పాతదని, ఇప్పటి మెషీన్లలో అంతుండదని మా రేడియాలజిస్టుల సంఘం అభ్యంతరం చెప్పింది. అంకె దగ్గర మా సంఘం మాటే సరైనదనుకుంటాను. కానీ అవసరం లేని సీటీ తీయొద్దన్న మాటలో మాత్రం ఆయనే సరి.

పిల్లాడు మంచం మీద నుంచి పడ్డాడు, బాగానే ఆడుకుంటున్నాడు, వాంతుల్లేవు. అయినా "ఎందుకైనా మంచిది" అని తల సీటీ రాసేస్తారు. 2009లో లాన్సెట్‌లో వచ్చిన పెకార్న్ స్టడీ 42 వేల మందికి పైగా పిల్లల్ని చూసి, ఎవరికి సీటీ అక్కర్లేదో తేలిగ్గా చెప్పే నియమాలిచ్చింది. స్పృహ సరిగ్గా ఉందా, పడ్డది ఎంత ఎత్తు నుంచి, నెత్తి మీద వాపు ఎక్కడ, పుర్రె విరిగిన గుర్తులున్నాయా, పిల్లాడు మామూలుగా ఉన్నాడని తల్లి అంటోందా. ఇవి చూసుకుని కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంటే చాలామందికి స్కాన్ తప్పుతుంది. అలా తప్పిన ఒక్క స్కాన్ ముందు గోనాడ్ షీల్డ్ మిగిల్చేది ఏ పాటిది?

ఇంకోటి, పొట్ట సీటీని అలవాటుగా నాలుగు ఫేజుల్లో తీయడం. ప్లెయిన్, ఆర్టీరియల్, వీనస్, డిలేడ్. ప్రతి ఫేజూ దాదాపు మరో పూర్తి స్కాన్. అపెండిక్స్ అనుమానానికి ఇన్ని ఎందుకు?

ఇద్దరు_పిల్లల_తల్లి
బుధవారం, ఉదయం 10:02

థాంక్యూ మేడమ్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక చిన్న ప్రశ్న. ఎక్స్‌రే అప్పుడు మావాడిని కదలకుండా పట్టుకోమంటారు. అప్పుడు నాకు ఏప్రన్ ఇస్తారు, వాడికి ఇవ్వరు. దానికి కారణమేంటి?

మిడ్‌ల్యాండ్స్_తెలుగమ్మాయి
బుధవారం, మధ్యాహ్నం 2:44

అక్కా, ఫిల్ము మీ ఒంటిది కాదు కాబట్టి మీకు తగిలే ఏ కాస్త రేడియేషనూ మీకు ఉపయోగపడదు. అందుకే దాన్ని ఆపేస్తారు. మీ ఒంట్లోకి వచ్చేది బాబు మీద పడి చెదిరి బయట నుంచి వచ్చేది. బయట నుంచి వచ్చేదాన్ని ఏప్రన్ బాగా ఆపుతుంది. బాబు సంగతి వేరు. చూడాల్సిన చోటు వాడి ఒంట్లోనే ఉంది, స్కాటర్ పుట్టేదీ అక్కడే. మీరు మళ్ళీ ప్రెగ్నెంట్ అయ్యే అవకాశం ఉంటే పట్టుకునే పని వాళ్ళ నాన్నకో తాతకో ఇవ్వండి. చేతులు లైట్ పడేచోట పెట్టకండి.

సీఆర్మ్_రాజు (ఓటీ టెక్నీషియన్, తిరుపతి)
బుధవారం, సాయంత్రం 6:31

ఇది చదివి ఎవరైనా "షీల్డులు వద్దట" అని మన ఏప్రన్లు కూడా మూలన పడేస్తారేమోనని భయంగా ఉంది. అందుకే రాస్తున్నా. పేషెంటు మీద షీల్డ్ వేరు, స్టాఫ్ ఏప్రన్ వేరు. ఓటీలో మేము గంటల తరబడి పేషెంటు పక్కనే నిలబడతాం. ఏఈఆర్‌బీ (మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే బోర్డు) లెక్క ప్రకారం మనకి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. సామాన్య జనానికి 1. పేషెంటుకి ఇలాంటి లిమిట్ ఉండదు, ఎందుకంటే అది అతని మేలు కోసమే తీస్తారు.

సీ-ఆర్మ్‌లో (ఓటీలో వాడే ఎక్స్‌రే మెషీన్‌లో) ట్యూబు టేబుల్ కింద, డిటెక్టర్ పైన ఉండేలా పెట్టమని ప్రతి సర్జన్‌కీ చెప్పండి. ట్యూబు పైన పెడితే స్కాటర్ నేరుగా మొహం మీదకి, కళ్ళ మీదకి వస్తుంది. కంటి లెన్సుకి 20 మిల్లీసీవర్ట్ చాలని ఐసీఆర్‌పీ 2011లోనే లిమిట్ తగ్గించింది, క్యాటరాక్ట్ భయంతో. ఇక ఏప్రన్ మడిచి కుర్చీ మీద పడేసే అలవాటు దయచేసి మానండి. మడత దగ్గర లోపల లెడ్ పగులుతుంది, పైన గుడ్డకి ఏమీ తెలియదు. హ్యాంగర్‌కి వేలాడదీసి, ఏడాదికోసారి ఫ్లోరో (లైవ్ ఎక్స్‌రే) కింద పరిచి చూడండి. వెలుతురు గీతలు కనపడితే దాని పని అయిపోయినట్టే.

పళ్ళ_డాక్టరమ్మ (డెంటిస్టు, వరంగల్)
బుధవారం, రాత్రి 9:58

మా వైపూ ఇదే మార్పు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2012లో థైరాయిడ్ కాలర్ వీలైనప్పుడల్లా వాడమంది. 2024 ఫిబ్రవరిలో కొత్త సిఫారసుల్లో లెడ్ ఏప్రన్, థైరాయిడ్ కాలర్ రెండూ పేషెంట్లకి ఆపేయమంది. బదులుగా గుండ్రటి బీమ్ కాకుండా సెన్సర్ సైజుకి సరిపడే రెక్టాంగులర్ కాలిమేటర్ పెట్టమంటోంది. మా ఓపీజీ (దవడ మొత్తం ఒకే ఫిల్ములో తీసే) మెషీన్‌లో కాలర్ కడితే ముందు పళ్ళ దగ్గర తెల్లగా నీడ పడి ఫిల్ము మళ్ళీ తీయాల్సి వచ్చేది. రెక్టాంగులర్ కోన్ తెప్పించాక పెరియాపికల్ (పంటి వేరు దాకా చూపే) ఫిల్ములు ఇంకా క్లియర్‌గా వస్తున్నాయి.

ఎంఐటీ_ఫైనలియర్
గురువారం, ఉదయం 8:20

అయితే షీల్డ్ లేకపోతే టెక్నీషియన్‌గా నేను పేషెంటుకి చేయగలిగింది ఇంకేమీ లేదా? అంతా మెషీనే చూసుకుంటుందా?

ఫిజిక్స్_గది
గురువారం, రాత్రి 8:10

అసలు చేయాల్సింది అక్కడే మొదలవుతుంది తమ్ముడూ. ఈ థ్రెడ్‌లో ఇందాకటి నుంచి నేను రాయాలనుకుంటున్నది ఇదే.

ఒక సెంటర్‌లో ఆడిట్‌కి వెళ్ళి పిల్లల హిప్ ఫిల్ములు చూపించమన్నాను. స్క్రీన్ మీద అన్నీ ముచ్చటగా ఉన్నాయి. నాలుగు వైపులా నల్లటి అంచు, మధ్యలో పెల్విస్. సాఫ్ట్‌వేర్‌లో ఆ నల్ల షట్టర్ పక్కకి లాగాను. కింద మోకాళ్ళ దాకా తొడలు, పైన డయాఫ్రమ్ దాకా పొట్ట, పక్కన పట్టుకున్న తల్లి వేళ్ళు, ఆమె గాజులు. అంటే లైట్ ఫీల్డ్ బార్లా తెరిచి ఎక్స్‌పోజ్ చేశాక కంప్యూటర్‌లో కత్తిరించారు. చూడ్డానికి కాలిమేషన్ (బీమ్‌ని కావలసిన చోటుకే కుదించడం), ఒంటికి కాదు. ఫిల్ము రోజుల్లో ఇది దాగేది కాదు, డాక్టరు చేతికి వెళ్ళే ఫిల్ములోనే బయటపడేది. ఇప్పుడు ఎవరికీ కనపడదు. బీమ్ పొడవూ వెడల్పూ సగానికి తగ్గిస్తే రేడియేషన్ పడే ఒళ్ళు నాలుగో వంతు అవుతుంది. స్కాటర్ తగ్గి బొమ్మ కూడా బాగుపడుతుంది. ఏ లెడ్ ముక్కా ఇంత పని చేయదు.

రెండోది, పాకే డోసు. డిజిటల్ ప్యానెల్ ఎక్కువ ఎక్స్‌పోజర్‌ని క్షమించేస్తుంది, తక్కువైతే బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది. అందుకని "ఎందుకైనా మంచిది" అంటూ ఎమ్ఏఎస్ (కిరణాల మోతాదు సెట్టింగు) నెలనెలా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు. ఎవరూ తిట్టరు, బొమ్మలు అందంగానే ఉంటాయి. దీన్ని పట్టుకోవడానికే ప్రతి ఇమేజ్ పక్కన ఎక్స్‌పోజర్ ఇండెక్స్, డీవియేషన్ ఇండెక్స్ ఉంటాయి. డీఐ సున్నా అంటే టార్గెట్ మీద ఉన్నట్టు. ప్లస్ 3 అంటే దాదాపు రెట్టింపు ఎక్స్‌పోజర్. ఆ చిన్న అంకె వైపు చూడడం అలవాటు చేసుకో.

చిన్నపిల్లలకి గ్రిడ్ (స్కాటర్‌ని ఆపే జాలీ) అక్కర్లేదు, తీసేయి. తీసేస్తే ఎమ్ఏఎస్ సగానికి పైగా తగ్గించొచ్చు. స్కోలియోసిస్ (వెన్ను వంకర) పిల్లలకి ఏపీ బదులు పీఏ (వెనక నుంచి) తీస్తే రొమ్ముకి తగిలేది బాగా తగ్గుతుంది, ఎదిగే ఆడపిల్లలకి అది చాలా ముఖ్యం. కదలకుండా ఉండేలా పిల్లాడితో రెండు నిమిషాలు మాట్లాడ్డం కూడా డోసు తగ్గించడమే, రిపీట్ తప్పుతుంది.

బకీ_శ్రీను
గురువారం, రాత్రి 10:36

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మేడమ్‌తో మాట్లాడాను. ఎక్స్‌రే గది బయట అతికించడానికి ఒక కాగితం రాశాను, సరిదిద్దండి:

"మీ బిడ్డకి లెడ్ కప్పడం లేదని కంగారు పడకండి. పాత రోజుల్లో కప్పేవాళ్ళం. ఇప్పటి మెషీన్లు చాలా తక్కువ రేడియేషన్‌తో ఫోటో తీస్తాయి. లెడ్ ముక్క కప్పితే చూడాల్సిన ఎముక దాని వెనక దాక్కుని మళ్ళీ ఎక్స్‌రే తీయాల్సి రావొచ్చు. మేము ఏప్రన్ వేసుకునేది రోజంతా, ఏడాదంతా ఈ గదిలోనే పని చేస్తాం కాబట్టి. మీ బిడ్డకి కావలసినంత చోటుకే కిరణాలు పడేలా చూస్తాం. బిడ్డను పట్టుకునేవారికి ఏప్రన్ ఇస్తాం. గర్భిణులు ముందే చెప్పండి. పాత ఎక్స్‌రేలు ఉంటే తీసుకురండి, కొన్నిసార్లు కొత్తది అక్కర్లేకపోవచ్చు. ఏ అనుమానం ఉన్నా మమ్మల్ని అడగండి."

ఇంత చెప్పినా ఒప్పుకోని తల్లి ఉంటే ఏం చేయాలి? ఇన్‌స్పెక్షన్ వాళ్ళు షీల్డ్ అడిగితే?

రిపోర్టింగ్_రూమ్
శుక్రవారం, ఉదయం 7:05

కాగితం చాలా బాగుంది శ్రీను గారూ. మా దగ్గరా అతికిస్తాను, అభ్యంతరం లేకపోతే.

ఒప్పుకోకపోతే గొడవ పడకండి. చూడాల్సిన చోటుకి అడ్డం రాకుండా ఉంటే, ఏఈసీ ఆపి మాన్యువల్‌లో తీస్తే, ఒక్కసారి పెట్టినందుకు నష్టం లేదు. షీల్డ్ లేకుండా తీయనివ్వనని ఎక్స్‌రేయే మానుకుని వెళ్ళిపోతే బిడ్డకి నష్టం. అడ్డం వచ్చే వ్యూ అయితే మాత్రం ఎందుకు పెట్టలేమో చెప్పండి, అవసరమైతే మీ మేడమ్‌ని పిలవండి. ఆ మాట చెప్పాల్సింది డాక్టర్లం, మొత్తం భారం టెక్నీషియన్ మీద వేయడం న్యాయం కాదు.

ఇన్‌స్పెక్షన్ సంగతి మీ ఆర్‌ఎస్‌ఓతో (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌తో) కూర్చుని లైసెన్సు షరతులు చదవండి. గదిలో ఉండాల్సిన సామాను ఉంచండి. వస్తువు గదిలో ఉండడం వేరు, ప్రతి బిడ్డ మీదా అలవాటుగా పెట్టడం వేరు. మీ డిపార్ట్‌మెంట్ పద్ధతి రాతపూర్వకంగా ఉండి, మేడమ్, ఆర్‌ఎస్‌ఓ సంతకాలుంటే ఎవరడిగినా చూపించొచ్చు.

డార్క్‌రూమ్_పెద్దాయన
శుక్రవారం, సాయంత్రం 4:18

అమ్మాయిలూ, అబ్బాయిలూ, అన్నీ చదివాను. మగపిల్లల విషయంలో నాకింకా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. వాళ్ళకి బయటే ఉంటాయి కదా, పెట్టడం కష్టం కాదు. కానీ జారి ప్యూబిస్ ఎముక మీద పడడం నేనూ చూశాను, కాదనలేను.

ఆ షట్టర్ సంగతి మాత్రం నన్ను కలవరపెట్టింది. మా రోజుల్లో ఫిల్ము ఖరీదు, పెద్ద ఫిల్ము వాడితే స్టోర్ కీపర్ అడిగేవాడు. ఆ భయంతోనైనా కోన్ దించేవాళ్ళం, అంటే బీమ్ కుదించేవాళ్ళం. శ్రీనూ, మీ దగ్గర రిపీట్ రిజిస్టర్ పెట్టండి. ఏ వ్యూ, ఎందుకు మళ్ళీ తీశాం, ఎవరు తీశారు. పేరు తిట్టడానికి కాదు, నేర్పడానికి. నేను వచ్చే వారం మా కాలేజీ పిల్లలకి గెస్ట్ లెక్చర్‌కి వెళ్తున్నాను. ఫిజిక్స్ బాబూ, గాజులు కనపడ్డ ఆ ఫిల్ము పేరూ ఊరూ తీసేసి నాకు పంపగలవా?

ఫిజిక్స్_గది
శుక్రవారం, రాత్రి 9:25

పేషెంటు ఫిల్ము బయటికి పంపలేను సార్, క్షమించండి. కానీ దానికంటే మంచిది చేస్తాను. ఫాంటమ్ మీద రెండు తీస్తాను, ఒకటి బార్లా తెరిచి, ఒకటి సరిగ్గా కోన్ దించి, ఏఈసీ మీద షీల్డ్ పెట్టి మూడోది కూడా. డ్యాప్ (డోసు కొలత) రీడింగులతో సహా ఆదివారానికి పంపుతాను. శ్రీను గారూ, రిజిస్టర్‌లో డీఐ కోసం కూడా ఒక గడి గీయండి. నెలాఖరుకి పిల్లల ఫిల్ములవి నాకు రాసి పంపితే ఎమ్ఏఎస్ ఎక్కడ తగ్గించొచ్చో కలిసి చూద్దాం.